హైకోర్టు నెత్తిన దీపం

మిరపకట్టె వెయ్యమాకురా మంటలో, ఆ ఘాటుకి వీధంతా దగ్గుద్ది. కందికట్టె వెయ్యి. ఏందీ, నిన్న చీరాల ఓడరేవు పోయి లైటుహౌసు చూసొచ్చారా? బానే ఉంది. ఇప్పుడు నరసరావుపేట, చిలకలూరిపేట, పర్చూరు మీదగా చీరాల పోతే పొద్దున పోయి చీకటిపడేసరికి ఇంట్లో ఉండొచ్చు. మా రోజుల్లో అట్టా కాదు. పల్నాటోడు సముద్రం మొహం చూడాలంటే బాగా నలిగిన దారి ఒకటే, కోర్టు దారి.

నవ్వమాకండి. మునసబు కోర్టులో ఓడినోడు గుంటూరు పోయేవాడు. గుంటూరులో ఓడినోడు చెన్నపట్నం పోయేవాడు. అప్పటికి మనకి వేరే రాష్ట్రం ఇంకా రాలా, హైకోర్టంటే చెన్నపట్నం హైకోర్టే. కోడిపందెం దగ్గర మొదలుపెట్టి కారంపూడి దాకా యుద్ధాన్ని లాక్కెళ్ళిన సీమ మనది. గట్టు తగువుని గుంటూరులోనే వదిలేసి వస్తామా?

మాదీ గట్టు తగువే. మా నాయనకీ, నాకు పెదనాయన వరసయ్యే ఆయనకీ చేలు పక్కపక్కన. మధ్యలో గట్టు, గట్టు మీద ఒక నల్లతుమ్మ. గట్టు మీరు జరిపారంటే మీరు జరిపారని మొదలై, తుమ్మకొమ్మ కొట్టిన దగ్గర ముదిరింది. నేను పుట్టకముందు వేసిన దావా అది. నాకు మీసం రాకముందే సెకండప్పీలుకి వచ్చింది. 1951లో. సెకండప్పీల్లో సాక్షుల్ని పిలవరు, చట్టం పాయింటు మీద వాదన తప్ప ఇంకేం ఉండదు, మీరు రానక్కర్లేదని వకీలు గారు కార్డు రాశారు. మా నాయన కూడా ఆగుదామనే అనుకున్నాడు. పెదనాయన పోతన్నాడని తెలిసింది. ఇంకేం ఆగుతాడు.

నన్నెందుకు తీసుకుపోయాడంటే నాకు చదవటం వచ్చు, ఆయనకి సంతకం వరకే. గురజాల స్టేషన్లో ఎక్కాం. మాచర్ల లైను అప్పుడు మీటరుగేజి, బండి తాపీగా పోయేది. చూస్తే అదే పెట్టెలో పెదనాయన, భుజాన సద్దిమూట. ఇద్దరూ చెరో కిటికీ వైపుకి తిరిగి కూర్చున్నారు. పిడుగురాళ్ళ దాటాక పెదనాయన నన్ను పిలిచి వేరుశనక్కాయలు పెట్టాడు. సత్తెనపల్లి దాటాక మా నాయన ఆయన్ని చుట్టకి నిప్పడిగాడు. గుంటూరులో దిగి, తెనాలి పోయి, రాత్రికి మద్రాసు బండి ఎక్కి, ఒంగోలు దగ్గర మూటలు విప్పేసరికి మా అమ్మ నూరిన గోంగూర ఆయన ముందుకీ, మా పెద్దమ్మ చేసిన జొన్నరొట్టెలు మా ముందుకీ వచ్చినయ్. తగువు కోర్టులో ఉంది, బండిలో దానికేం పని? అప్పటి దాయాదులు అట్టా ఉండేవాళ్ళు. ఇప్పుడు ముందు మాటలు మానేసి ఆ తర్వాత దావా వేస్తన్నారు.

పొద్దున్నే సెంట్రల్‌లో దిగాం. ఎదురుగ్గా ఉన్న సత్రంలో స్నానం చేసి ట్రామెక్కాం. ఆ ట్రాములు ఇంకో రెండేళ్ళే నడిచినయ్, 1953లో తీసేశారు. హైకోర్టు దగ్గర దిగి తలెత్తితే ఎర్ర ఇటుకల మేడ, ఎటు చూసినా గుమ్మటాలు. 1892లో తెరిచిన మేడ అది. వాటిల్లో అన్నిటికన్నా ఎత్తైన గుమ్మటం కొసన గాజుగది ఒకటి ఎండకి తళతళమంటంది.

"అదేందయ్యా?" అని పెదనాయన మా వకీలు గుమాస్తాని అడిగాడు. ఎదరపక్షం గుమాస్తా అన్న పట్టింపు ఏం లేదు ఆయనకి.

"లైటుహౌసు."

"కోర్టు మీదనా?"

"కోర్టు మీదే. 1894 నించి. సముద్రం మీద 175 అడుగుల ఎత్తు."

అప్పటికి ఊళ్ళో అంత ఎత్తు కట్టడం ఇంకోటి లేదు, అందుకని దీపం తెచ్చి న్యాయమూర్తుల నెత్తిన పెట్టారు. ఆ గుమాస్తా మంచి మాటకారి. అదే ఆవరణలో ఒక పక్కన నిలబడ్డ రాతిస్తంభం చూపించాడు. పాత లైటుహౌసు అది, నల్లరాయితో గుండ్రంగా చెక్కి నిలబెట్టింది. 1844 నించి యాభై ఏళ్ళు అదే వెలిగింది. దానికీ ముందు, 1796 నించి, కోటలోని ఒక మేడ మీద కొబ్బరినూనె దీపాలు పెట్టేవాళ్ళంట. మీరు చెన్నై పోయినప్పుడు చూడండి, ఆ రాతిస్తంభం ఇప్పటికీ కోర్టు ఆవరణలోనే ఉంది.

ఇంకో మాట చెప్పాడు గుమాస్తా. అసలు ఈ కోర్టు కట్టిన చోట పూర్వం చెన్నకేశవస్వామి గుడి ఉండేదంట. ఫ్రెంచివాళ్ళతో యుద్ధాలు జరిగే రోజుల్లో, కోటకి అంత దగ్గర్లో ఎత్తైన గోడలుంటే శత్రువు దాక్కుంటాడని కుంపిణీవాళ్ళు దాన్ని 1757లో పడగొట్టి, తర్వాత పూలబజారు దగ్గర వేరే చోటిచ్చారు. ఆ మాట వినగానే ఇద్దరూ అక్కడికక్కడే చెప్పులు విప్పారు. మాచర్లలో ఉన్నదీ చెన్నకేశవుడేగా మరి. బ్రహ్మనాయుడు కొలిచిన సామి. ఆ సామి గుడి ముందరే అన్ని కులాలనీ ఒకే చాప మీద కూర్చోబెట్టి చాపకూడు తినిపించాడని కదా మనం చెప్పుకునేది. "సామిని లేపి జడ్జీలని కూర్చోబెట్టారు, ఇంకేం న్యాయం" అని పెదనాయన గొణిగాడు. మా నాయన ఆయన మోచెయ్యి పట్టుకుని నొక్కాడు, డవాలా బంట్రోతు వింటాడని.

మా వాదన చూడటానికి అంత దూరం పోయామా, మా నాయన పైపంచె సర్దుకునేలోపు అయిపోయింది. ఇంగ్లీషులో నాలుగు మాటలు వాళ్ళు, నాలుగు మాటలు వీళ్ళు. తీర్పు తర్వాత. రైలు రేపటికి. ఇంక పనేముంది? గుమాస్తా ఎవర్నో బతిమాలి మమ్మల్ని ఆ గుమ్మటం ఎక్కించాడు.

మెట్లు తిరిగి తిరిగి పోతయ్. పెదనాయన మోకాళ్ళు పట్టుకుని మధ్యలో కూలబడ్డాడు. మా నాయన ఆగాడు. ఆయన లేచేదాకా ఈయన కదల్లా. పైన దీపం చూసుకునే ఆయన నెల్లూరు వైపు మనిషి, తెలుగు మాట వినేసరికి మొహం విప్పారింది. ఆయన చూపించేదాకా నేను లైటుహౌసంటే పెద్ద దీపం అనే అనుకున్నా. కాదురా. దీపం చిన్నదే. ఆ రోజుల్లో చాలా లైటుహౌసుల్లో కిరసనాయిల్ని ఆవిరి చేసి మాంటిల్ మీద మండించేవాళ్ళు, మన పెళ్ళిళ్ళలో పెట్రోమాక్సు లైట్లు వెలిగేదీ ఆ పద్ధతినే. గొప్పంతా దీపం చుట్టూ నిలబెట్టిన గాజుది. మధ్యలో దళసరి గాజుబిళ్ళ, దాని చుట్టూ వరసలు వరసలుగా గాజు వలయాలు, ఒక్కోదాని అంచూ ఒక్కో వాలులో కోసి ఉంటది. పైకీ కిందకీ చెదిరిపోవాల్సిన వెలుగునంతా పట్టి సముద్రం వైపుకి ఒకే బద్దగా పంపుద్ది. ఫ్రెనెల్ అని ఒక ఫ్రెంచాయన 1820ల్లో కనిపెట్టాడు దీన్ని. ఆ సంగతులన్నీ తర్వాత నేను బడిపంతులయ్యాక పుస్తకాల్లో చదువుకున్నవి. ఆ రోజు నాకు తెలిసిందల్లా, దాన్ని చేత్తో ముట్టుకోబోతే దీపాలాయన అరిచాడని.

ఏ లైటుహౌసుకి ఆ లైటుహౌసు లెక్క వేరు. ఒకటి ఇన్ని సెకన్లు వెలిగి ఇన్ని సెకన్లు ఆరుద్ది, ఇంకోటి రెండుసార్లు మెరిసి ఆగుద్ది. ఓడవాడు గడియారం పెట్టుకుని లెక్కపెట్టి, పుస్తకంలో చూసుకుని, ఇది ఫలానా ఊరు అనుకుంటాడు. మన తీరానికి అది మరీ అవసరం. విశాఖపట్నం వైపైతే కొండలున్నయ్ గుర్తు పట్టటానికి. కృష్ణా, గోదావరి సముద్రంలో కలిసే చోట ఏముంది? చదునైన ఒండ్రుమట్టి, మడచెట్లు, నీళ్ళ కింద మైళ్ళకొద్దీ ఇసకతిన్నెలు. నేల కంటికి కనపడేసరికే ఓడ అడుగు నేలకి తగులుద్ది. 1867 జూన్‌లో శాక్రమెంటో అనే అమెరికా యుద్ధనౌక గోదావరి మొగలో అట్టాగే తిన్నె మీద ఎక్కి ముక్కలైంది. మనుషులందరూ బతికి బయటపడ్డారు. ఆ తిన్నెకీ, తర్వాత అక్కడ వెలిసిన లైటుహౌసుకీ ఆ ఓడ పేరే నిలిచింది. విజయనగరం వైపు సంతపిల్లిలో 1847లోనే దీపం పెట్టింది కూడా నీళ్ళలో దాక్కున్న రాళ్ళ కోసమే.

ఇంక బయట వసారాలోకి వచ్చాం. గాలి మా నాయన తలపాగాని ఊడదీసింది. సముద్రం అదే నేను మొదటిసారి చూట్టం. ఎంత ఉందో అంతా ఒకేసారి కనపడింది. ఆ ఎత్తు నించి పదహారు మైళ్ళ దాకా నీళ్ళు కనపడతయ్, ఆ పైన భూమి వంపు అడ్డమొస్తది. మన దగ్గర నీళ్ళంటే ఏంది, చంద్రవంక, నాగులేరు, ఎండాకాలం వాటిల్లో గేదెలు కూడా మునగవు. కృష్ణ ఉన్నా అది కింద లోయలో, మనకి అందేది కాదు. మా నాయన సముద్రాన్ని చూసి అన్న మొదటి మాట, "ఇన్ని నీళ్ళు పెట్టుకుని ఒక్క ఎకరం తడవదు కదరా!"

కింద ఉత్తరాన రేవు. సముద్రంలోకి రెండు రాతికట్టలు చేతులు చాపి ఉన్నయ్. దక్షిణాన కోట జెండా, దానికవతల చూపానినంత దూరం ఇసక. దీపాలాయన అడగ్గానే చెప్పుకొచ్చాడు. చెన్నపట్నానికి సహజమైన రేవు లేదు. ఓడలు దూరంగా లంగరేసుకుంటే మసూలా పడవలు పోయి మనుషుల్నీ సరుకునీ తెచ్చేయి. ఆ పడవల్లో ఒక్క మేకు ఉండదు, పలకల్ని కొబ్బరితాడుతో కుట్టేవాళ్ళు. అల ఎత్తేసి ఇసక మీద కొడితే మేకుల పడవ పగులుద్ది, కుట్టిన పడవ వంగి లేస్తది. 1876లో రేవుకి రాతికట్టలు మొదలుపెట్టారు. 1881లో తుఫాను వచ్చి చేసిందాంట్లో చాలా భాగం పట్టుకుపోయింది. మళ్ళీ కట్టారు.

"కట్ట వేశాక ఏమైందో చూడండి," అన్నాడు. ఈ తీరం వెంబడి అలలు ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసకని దక్షిణం నించి ఉత్తరానికి నెట్టుకుపోతంటయ్. ఆ నడిచే ఇసకకి కట్ట అడ్డం పడింది. దక్షిణం పక్క ఆగిపోయి ఏటికేడు పేరుకుపోయింది. ఒకప్పుడు కోటగోడ దగ్గరికి వచ్చే సముద్రం వెనక్కి జరిగింది. గ్రాంట్ డఫ్ అనే గవర్నరు 1884లో అక్కడ నడిచే బాట వేయించి మెరీనా అని పేరు పెట్టాడు. ఉత్తరం పక్కకి రావాల్సిన ఇసక రాలేదు, సముద్రం మాత్రం తీసుకుపోవటం మానలేదు. రాయపురం వైపు ఒడ్డు కోసుకుపోయింది.

ఇది విన్నాక మా వాళ్ళిద్దరి మొహాలూ చూడాలి మీరు. ఓడలూ, గాజులూ, కుంపిణీ వాళ్ళూ ఏవీ అంతగా పట్టలేదు గానీ, ఈ ముక్క మాత్రం ఠక్కున ఎక్కింది. ఎగువోడు గట్టు వేస్తే మట్టి ఎవరి చేలో ఆగుద్దో, ఎవరి చేలో కోత పడుద్దో వాళ్ళకి ఒకరు చెప్పాలా?

"చూశావా," అన్నాడు పెదనాయన, "నువ్వు జరిపిన గట్టు కింద నా చేను రాయపురం అయింది."

"నేను జరిపానా? జరిపింది నువ్వు. మెరీనా నీ వైపే ఉంది. తుమ్మచెట్టు ఎవరి నీడన పెరిగింది?"

"చెట్టు సంగతి తియ్యమాక."

ఇంక అందుకున్నారు. పదిహేనేళ్ళ వ్యాజ్యమంతా ఆ గుమ్మటం మీద మళ్ళీ మొదటి నించి నడిచింది, కింద హైకోర్టు, పైన వీళ్ళు. దీపాలాయన మధ్యలో దూరి, అయ్యా మీరు ఎవరు మెరీనానో ఎవరు రాయపురమో నాకు తెలవదు, నేను దీపం తుడుచుకోవాలి అన్నాడు. నాకు మాత్రం మా నాయన ఒక మాట అన్నట్టు గుర్తు, దిగేటప్పుడు, మెట్ల మీద: "సముద్రం ఇంత గట్టు జరిపింది, దాని మీద ఎవరు దావా వేస్తారో." పెదనాయన పకపకా నవ్వాడు. రాజీ మాటేం కాదు అది. మర్నాడు రైల్లో కూడా ఇద్దరూ ఎవరి పాయింటు మీద వాళ్ళే ఉన్నారు.

కింద ఆవరణ గోడకి ఒక పలక ఉంది, అది కూడా నాతో చదివించారు. 1914 సెప్టెంబరు 22 రాత్రి ఎండెన్ అనే జర్మనీ యుద్ధనౌక వచ్చి ఊరి మీద గుండ్లు కురిపించింది. రేవు పక్కన బర్మా ఆయిల్ కంపెనీ ట్యాంకులు అంటుకుని రాత్రంతా మండినయ్. ఒక గుండు ఈ గోడకి తగిలింది. ఆ రాత్రి మన దీపం రోజులాగే వెలుగుతానే ఉందని దీపాలాయన చెప్పాడు. ఎవరికి దారి చూపించాలి, ఎవరికి చూపించకూడదు అనేది దీపానికి తెలవదు కదా. అప్పుడు జనం మూటలు కట్టుకుని రైళ్ళమీద పడ్డారని మా తాత కూడా చెప్పేవాడు. ఆ రోజుల్లో గురజాలకి రైలు కూడా రాలేదు గానీ, కబురు మాత్రం వచ్చిందంట, పది రెట్లయి.

సాయంత్రం ఇసకలోకి పోయాం. కట్టుమరాలు ఒడ్డుకి లాగి ఉన్నయ్. నాలుగు దుంగల్ని తాడుతో కట్టటమే, ఇంకేం లేదు, దాని మీదెక్కి ఆ అలల్లోకి పోతారు. పొద్దు కుంకాక కోర్టు నెత్తిన దీపం వచ్చింది. సముద్రం మీద వెలుగు పడటం, పోవటం, మళ్ళీ రావటం. చీకట్లో జాలరి పిల్లలు ఒకచోట గుమిగూడి ఉంటే పోయి చూశాం. తాబేలు. తల్లి తాబేలు. వెనక కాళ్ళతో గుంట తవ్వి గుడ్లు పెడతంది. మన వాగుల్లో తాబేళ్ళు చూసినోడిని, అంత తాబేలుంటదని అప్పుడే తెలిసింది. ఒక్కోటి వంద గుడ్ల దాకా పెట్టి, ఇసక కప్పి, వెనక్కి చూడకుండా పోద్ది. జనవరి నించి మార్చి దాకా వస్తయ్ అట్టా. మన సూర్యలంక వైపూ వస్తయ్. పిల్లలు బయటికొచ్చాక రాత్రి పూట ఏ వైపు వెలుగుంటే ఆ వైపుకి పోతయ్, మామూలుగా అది సముద్రమే. ఊళ్ళో లైట్లు ఎక్కువయ్యాక పాపం రోడ్డు మీదకి వస్తన్నయ్. 1988 నించి చెన్నైలో చదువుకునే పిల్లలు రాత్రంతా ఇసకలో నడిచి గుడ్లు ఏరి భద్రంగా పొదిగిస్తన్నారు. మంచిపని. 1951లో ఆ జాలరి పిల్లలు ఏం చేశారో చెప్పను, ఆకలి కాలం అది.

తీర్పు తర్వాత కార్డు మీద వచ్చింది. గట్టు మాకు, చెట్టు ఆయనకి. కింద కోర్టుల్లో చెప్పిందే మళ్ళీ చెప్పారు. గట్టు మాది, దాని మీద చెట్టు ఆయనది, ఇంక ఆ చెట్టు కొట్టాలంటే ఆయన మా గట్టు మీద కాలు పెట్టాలి. కొత్త తగువుకి బ్రహ్మాండమైన విత్తనం. కానీ అది చెన్నపట్నం దాకా పోయే యోగం లేదు. 1952 డిసెంబరులో పొట్టి శ్రీరాములు గారు అక్కడే, మైలాపూరులో, నిరాహారదీక్షలో ప్రాణం విడిచారు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. మరుసటేడు జులైలో హైకోర్టు గుంటూరుకే వచ్చింది, 1956లో హైదరాబాదు పోయేదాకా అక్కడే. పల్నాటోడికి హైకోర్టు ఒక్కపూట ప్రయాణమైంది. ఇంక సముద్రమేం చూస్తాడు? మా పెదనాయనకి అదే పెద్ద లోటు. "గుంటూరు హైకోర్టు మీద ఏముందిరా, కాకులు" అనేవాడు.

ఆ దీపం 1977 దాకా కోర్టు మీదే వెలిగింది. ఆ ఏడు మెరీనా ఇసకలో ఎర్రా తెల్లా పట్టీల స్తంభం కొత్తది కట్టి దాంట్లోకి మార్చారు. దానికి లిఫ్టు ఉంది. 2013 నించి జనాన్ని ఎక్కనిస్తన్నారు. నేను ఎక్కలా, మీరు ఎక్కండి. ఎక్కితే దక్షిణంగా చూడబాకండి, అటు అందరూ చూస్తారు. ఉత్తరంగా చూడండి, రేవుకి అవతల రాయపురం వైపు బండరాళ్ళు పోసి ఉంటయ్ ఒడ్డు పోకుండా.

గట్టు ఏమైందంటారా? 1955 డిసెంబరు 10న నెహ్రూ గారు నాగార్జునసాగరుకి శంకుస్థాపన చేశారు. కుడికాలువకి 1967లో నీళ్ళొదిలారు. దానికి ముందే మా చేల మీదగా పిల్లకాలువకి కొలతలు వేశారు. సర్వే వాళ్ళు సున్నపు గీత తీసుకొచ్చి సరిగ్గా ఆ గట్టు మీద నించే లాగారు, చెట్టుతో సహా. మా నాయన పోయి పెదనాయనని పిలుచుకొచ్చాడు. ఇద్దరూ ఆ గీతకి చెరో పక్కన నిలబడ్డారు. నష్టపరిహారం గట్టుకి మాకొచ్చింది, తుమ్మచెట్టుకి ఆయనకొచ్చింది. మాదానికంటే ఆయనకి ఎక్కువ రాశారు. దాని మీద అప్పీలు వేద్దామా అని మా నాయన నరసరావుపేట పోయి వకీలుని అడిగొచ్చాడు కూడా.